వాక్యమును వర్తనమును – ఒంగోలు సీమ క్రైస్తవ చరిత్రలో ఒక అధ్యాయము

ఒక గ్రంథము యొక్క చరిత్రను వ్రాయువారు సాధారణముగా దానిని రచించినవారిని గూర్చియు, అనువదించినవారిని గూర్చియు, అచ్చొత్తించినవారిని గూర్చియు ప్రస్తావింతురు. ఆ గ్రంథమును చెవులార విని, దానిచొప్పున నడుచుకొనుటకై దినదినము కష్టనష్టముల కోర్చినవారి చరిత్ర అంతగా వ్రాయబడలేదు. తెలుగుదేశమున బైబిలు గ్రంథమునకు అట్టి చరిత్ర యొకటి కలదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఒంగోలు సీమలోని మాదిగపల్లెల ప్రజలు, అక్షరముల నెఱుగకయే, ఆ గ్రంథవాక్యమును తమ యిండ్లలోను పొలములలోను కళ్లములలోను ఆచరణమునకు దెచ్చిరి. ఆ యుదంతమును చెప్పునప్పుడు పలువురు ఒక్కదినమున జరిగిన బాప్తిస్మముల సంఖ్యను మాత్రమే చెప్పి విరమింతురు. కాని ఆ సంఖ్యకు ముందు పండ్రెండేండ్లు సాగిన నిత్యజీవిత పరీక్షయందే దాని సారమున్నది.

తెలుగు బైబిలునకు దీర్ఘమైన పూర్వకథ కలదు. జర్మను మిషనరీయగు బెంజమిన్ షుల్జ్ 1732 నాటికే బైబిలును తెలుగులోనికి అనువదించెను. అయితే ఆ యనువాదము అచ్చునకు నోచుకొనక వ్రాతప్రతిగానే నిలిచిపోయెను. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనువారు మరల ఆ పనికి పూనుకొనిరి. క్రైస్తవమతమును స్వీకరించిన ఆనందరాయరు అను బ్రాహ్మణుడు వారికి తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారు సిద్ధపఱచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరున అచ్చయ్యెను. క్రొత్త నిబంధన 1818లో వెలువడెను. 1854లో బైబిలు సంపూర్ణముగా తెలుగు పాఠకుల చేతికి వచ్చెను.

పాఠకుల చేతికి వచ్చెననుట సులభమే. కాని నాటి పల్లెలలో చదువ నేర్చినవా రెందఱు? వీథిబడి అరుగు ఎక్కుటకు మాల మాదిగల పిల్లలకు అనుమతి లేదు. అచ్చయిన పుస్తకము వారి వాడకు పోయినను దానిని విప్పి చదువువాడుండడు. అట్టి ప్రజలలో గ్రంథవాక్యము వ్యాపించిన మార్గము కన్ను కాదు, చెవి.

అమెరికా బాప్టిస్టు సంఘమువారి పక్షమున శామ్యూల్ డే 1836లో భారతదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. పలు సంవత్సరములు గడచినను ఫలితము స్వల్పముగానుండుటచే ఆ మిషనును మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుమారులు చర్చించిరి. 1853లో జరిగిన చర్చ నాటినుండియే దానికి ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు వచ్చెను. 1849లో నెల్లూరు చేరిన లైమన్ జ్యూయెట్ 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున తన భార్యతోను, ముగ్గురు తెలుగు క్రైస్తవులతోను ఒంగోలు కొండయెక్కి ఆ ప్రాంతప్రజల కొఱకు ప్రార్థించెను. ఆ కొండకు క్రైస్తవులలో ప్రార్థన కొండ యని పేరు. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోని యొక తాలూకా. 1904లో గుంటూరు జిల్లాలో చేరి, 1970లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమయ్యెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము జిల్లా యను పేరు పెట్టిరి.

1866 సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలున కాపురముండుటకు వచ్చెను. ఆయన యౌవనమున అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. ఆ విద్య తరువాత అనుకొనని విధమున అక్కఱకు వచ్చెను. ఆయన రాకకు కొంచెము ముందే ఒంగోలుకు పడమట నున్న తాళ్లకొండపాడు గ్రామస్థుడు యర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడయ్యెను. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకుడు. ఆయన అంతకు పూర్వమే గురువుల నాశ్రయించి యోగసాధన చేసిన జిజ్ఞాసువు. వర్తకముపై ఏలూరు వైపునకు పోయినప్పుడు అక్కడ తొలిసారి క్రైస్తవబోధ వినెను. విన్న మాట ఆయనను విడువలేదు. 1866లో ఆయన బాప్తిస్మము పొందెను. ఆయన భార్య నాగమ్మయు ఆయనతోపాటు ఆ విశ్వాసమున నిలిచెను. తోళ్లు కొనుటకై తాను తిరుగు ఊళ్లన్నిటిలోను పేరయ్య తాను విన్నదానిని చెప్పుచు వచ్చెను.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడెను. ఆ నెలలోనే క్లౌ పేరయ్య గ్రామమునకు పోగా, చుట్టుపట్ల ఊళ్లనుండి ఆయన బంధువులును స్నేహితులును వచ్చి కూడిరి. కొన్నిదినములు బోధ విన్న పిమ్మట వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు మాదిగలే. ఈ చిన్న సంఖ్య ఒంగోలు పట్టణమున పెద్ద చిక్కు తెచ్చెను.

అంతవఱకు పట్టణములోని అగ్రవర్ణములవారు క్లౌ యెడల ఆదరముతో నుండిరి. ఆయన నడుపు బడికి తమ పిల్లలను పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని వారు స్పష్టముగా చెప్పిరి. పట్టణములోని పెద్దలు ముందుగా క్రైస్తవులైనచో క్రిందివారు తమంతట తామే అనుసరింతురని నాడు పలువురు మిషనరీల అభిప్రాయము. ఏది చేయవలెనో తోచక క్లౌ ఒక సాయంకాలము తన గదిలో నూతన నిబంధన ప్రతి నొకదానిని చేతికి తీసికొని విప్పగా, కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయము కనబడెను. లోకము గొప్పవారని యెంచినవారిని కాక, తక్కువవారని త్రోసివేసినవారినే దేవుడు ఎన్నుకొనెనని చెప్పు భాగమది. అదే సాయంకాలమున ఆయన భార్య వేఱొక గదిలో, భర్తతో మాటలాడకయే, మఱియొక ప్రతిని విప్పి అదే భాగము చదివెనని క్లౌ తన స్మృతులలో వ్రాసియున్నాడు. ఆ దంపతులు దానిని ఆజ్ఞగా గ్రహించిరి. మాదిగలను చేర్చుకొనిరి. అగ్రవర్ణముల పిల్లలు బడి మానిరి. వాక్యానుసారముగా నడచుటకు తొలి మూల్యమును చెల్లించినది ఈ విధముగా బోధకుడే. తరువాతి మూల్యము విన్నవారిది.

చేరవచ్చినవారికి క్లౌ మూడు నియమములు పెట్టెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. బైబిలు నంతయు చదువలేని ప్రజలకు గ్రంథసారము నీ మూడు మాటలలో ఇమిడ్చి యిచ్చినట్లయ్యెను. వినుటకు ఇవి చిన్నవి. పల్లె జీవితమున వీని బరువెంతయో తెలియవలెనన్న నాటి గ్రామవ్యవస్థలో మాదిగల స్థితి నెఱుగవలెను.

కాపునకు చెప్పులు, ఎద్దులకు పలుపులు, మోటకు తోలుబొక్కెన, ఇవన్నియు మాదిగవాడలో తయారు కావలెను. గొడ్డు చచ్చిన దానిని ఈడ్చుకొనిపోవలసినవాడు మాదిగ. దాని తోలు ఊని, అందుండి యజమానికి చెప్పులును మోటసామగ్రియు ఈయవలసినవాడును అతడే. జాతరలో డప్పు కొట్టుట, చావు కబురు మోయుట, అధికారులు వచ్చినప్పుడు వెట్టి చేయుట అతని విధి. ఇందులకు ప్రతిఫలముగా కళ్లముకడ గింజలు మేరగా లభించును. చచ్చిన గొడ్డు మాంసము సయితము ఆ ప్రతిఫలములో భాగమే. కరవునెలలలో అదియే ఆహారము.

ఇట్టి యేర్పాటులో ఆదివారము పని మానుట యనగా, నాటునాడో కోతనాడో కాపు పిలిచినప్పుడు రానని చెప్పుట. చచ్చిన గొడ్డును తినననుట, పేదవాడు చేతికందిన తిండిని కాదనుట. విగ్రహపూజ మానుట యనగా పోలేరమ్మ జాతరలో డప్పు ముట్టకుండుట. ఊరివారి దృష్టిలో ఇది ఒక్క కుటుంబపు నమ్మకమునకు సంబంధించిన విషయము కాదు. డప్పు మ్రోగనిచో అమ్మవారికి కోపము వచ్చి ఊరంతటికి మశూచియో గత్తరయో తగులునని వారి భయము. కావున ఇరుపక్షముల వారికిని అది ప్రాణసమానమైన విషయమే యయ్యెను. దీనిని గ్రహింపనిదే ఆనాటి కలహముల తీవ్రత బోధపడదు.

కలహములు వచ్చెను. పలు గ్రామములలో క్రైస్తవులైన మాదిగలకు పని ఈయలేదు, మేర కొలువలేదు. బావియొద్దకు రానీయలేదు. పశువులను బీటిలో మేయనీయలేదు. కరణము మునసబులు దొంగతనపు నేరములు మోపి తాణాలకు ఈడ్చుటయు కలదు. కొందఱు భయపడి వెనుకకు తగ్గిరి. పెక్కుమంది నిలిచిరి. క్రమముగా అనేక గ్రామములలో ఒక రాజీ కుదిరెను. ఆదివారము రానివాడు తక్కిన ఆరుదినములు నమ్మకముగా పని చేయుచున్నాడనియు, అరువు తీసికొన్నది తిరిగి ఇచ్చుచున్నాడనియు కండ్లార చూచిన కాపులు మెత్తబడిరి. వాదముచే సాధింపలేనిది పనిచే సాధ్యమయ్యెను.

చదువురాని వీరు వాక్యమును నేర్చిన విధము గమనింపదగినది. బోధకుడు పల్లెకు వచ్చి, పగటిపని ముగిసిన పిమ్మట, దీపమువెలుగున గ్రంథము తెఱచి కొన్ని పంక్తులు చదువును. విన్నవారు వానిని మరల మరల పలికి కంఠస్థము చేయుదురు. యేసు చెప్పిన ఉపమానములలోని విత్తువాడు, ద్రాక్షతోట కూలీలు, తప్పిపోయిన గొఱ్ఱె వారి కనుల యెదుటి వస్తువులే. వానికి వ్యాఖ్యానము అక్కఱలేదు. పాట మఱియొక సాధనము. పురుషోత్తమ చౌదరి (1803–1890) మున్నగువారు తెలుగు రాగములలో రచించిన క్రైస్తవ కీర్తనలు పుస్తకము లేనిచోటను నిలిచెను. పురుషులు ప్రవేశింపలేని లోగిళ్లకు బైబిలు స్త్రీలు అను బోధకురాండ్రు పోయి స్త్రీలకు నేర్పిరి. బోధకుల శిక్షణకై 1872లో రామపట్టణమున వేదాంత పాఠశాల స్థాపింపబడెను. అందు చదివినవారిలో పెక్కురు నిన్నటి చెప్పులు కుట్టువారే. ఈ తొలి బోధకుల జీవితకథలను సేకరించి, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించెను. దాని పేరునకు ‘చెప్పులు కుట్టుచుండగా’ అని యర్థము. గ్రంథమును విన్నవారు ఈ రీతిగా గ్రంథస్థులైరి.

ఇట్లు పదేండ్లు గడచునప్పటికి ధాత సంవత్సరపు మహాకరవు వచ్చిపడెను. 1876లో వానలు లేవు. 1877లో దక్షిణదేశమంతయు క్షామముచే క్రుంగిపోయెను. పశువులు చచ్చెను, గత్తర వ్యాపించెను, జనులు ఊళ్లు విడిచి దారులవెంట పడిరి. కరవు పనులలో భాగముగా ప్రభుత్వమువారు బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. అందు మూడున్నర మైళ్ల భాగమును త్రవ్వించుటకు క్లౌ కంట్రాక్టు తీసికొనెను. ఇతరుల క్రింద పనికి పోయిన క్రైస్తవులును పేద కూలీలును మేస్త్రీల దౌర్జన్యమునకు గుఱియగుచుండుటయే ఆయన దీనికి పూనుకొనుటకు కారణము. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించెను. వేలకొలది కూలీలు పలుగు పారలతోను మట్టితట్టలతోను అక్కడ పని చేసిరి. పని విరామమున వారు బోధకులను చుట్టి కూర్చుండి, భారము మోయువారిని తనయొద్దకు రమ్మని యేసు పిలిచిన మాటను మరల మరల చెప్పించుకొని వినుచుండిరి. తలపై మట్టిగంప దింపిన మనుష్యునికి ఆ మాట ఎట్లు వినబడెనో ఊహింపవచ్చును.

అప్పుడే వేలమంది తమకు బాప్తిస్మమిమ్మని యడిగిరి. క్లౌ ఈయలేదు. కూలియు సహాయద్రవ్యమును తన చేతిమీదుగా పోవుచున్న కాలమున బాప్తిస్మ మిచ్చినచో, గంజికొఱకు వచ్చినవాడెవడో, విశ్వాసముతో వచ్చినవాడెవడో తేల్చుట యసాధ్యమని ఆయన నిశ్చయము. 1877 మార్చినుండి పదునైదు నెలలపాటు ఒంగోలు మిషనులో బాప్తిస్మములు జరుగలేదు. శిష్యులసంఖ్యను పెంచుకొనుటకు ఇంతకన్న సులభమైన అదను ఏ బోధకునికిని లభింపదు. ఆ యదనును చేజేత విడిచిపెట్టుటలో ఆయన వినిపించిన బోధకు ఆయన నడతయే సాక్ష్యమయ్యెను.

1878లో కరవు తగ్గుముఖము పట్టెను. సహాయద్రవ్యపు పంపకము ముగిసెను. క్లౌ జనులను ఒంగోలుకు ఉత్తరముగా గుండ్లకమ్మ యొడ్డున నున్న వెల్లంపల్లికి రప్పించి, ఇక నీయుటకు ధనమేమియు లేదని తెలిపెను. తమకు ధనము వలదనియు, బాప్తిస్మమే కావలెననియు వారు చెప్పిరి. ప్రతి పల్లెనుండి వచ్చినవారిని గూర్చి ఆ పల్లె బోధకుడును పెద్దలును సాక్ష్యము చెప్పవలసియుండెను. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తము మూడుదినములలో 3,536 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన బాప్తిస్మమిచ్చినవారు ఆఱుగురు తెలుగు బోధకులు. ఇద్దఱిద్దఱు చొప్పున నీటిలో నిలిచి వంతులు మార్చుకొనిరి. క్లౌ ఒడ్డుననే యుండెను.

ఈ సంఖ్య ప్రపంచమున ప్రసిద్ధికెక్కెను. దానితోపాటు విమర్శయు వచ్చెను. కరవు లేనిచో ఇందఱు చేరుదురా యని పలువురు ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే. కరవున తమను ఆదుకొన్నవారి యెడల జనులకు కృతజ్ఞత కలుగుట సహజము. అది వారి నిర్ణయమున కొంత పాలుపంచుకొనియుండును. కాని 1867నుండియు మేర పోగొట్టుకొని, బావి పోగొట్టుకొని నిలిచినవారిని ఆ ప్రశ్న తాకదు. ఆహారమునకై మతము మారినవాడు చేతికందిన మాంసమును వదలుకొనుట యెట్లు? వెల్లంపల్లి జనసమూహమునకు వెనుక ఆ తొలి కుటుంబముల మౌనసాక్ష్యము పండ్రెండేండ్లుగా పల్లె పల్లెలోను కనబడుచునే యుండెను. వచ్చినవారు వారి బంధువులు, ఇరుగుపొరుగువారు.

తరువాతి కాలమున తెలుగు సంఘములలో వాక్యము నిత్యకృత్యములలో చేరిపోయెను. వంటకు బియ్యము కొలుచునప్పుడు గృహిణి యొక పిడికెడు తీసి వేఱుకుండలో వేయును. ఆదివారమున దానిని సంఘమునకు అర్పించును. తినుటకు చాలని యింటిలోనుండియు ఆ పిడికెడు వచ్చుటయే దాని విలువ. 1912లో దోర్నకలు బిషప్పుగా అభిషిక్తుడై 1945 జనవరి 1వ తేదీన మరణించువఱకు ఆ పదవిలోనున్న వి. యస్. అజరయ్య, దానమును సాక్ష్యమును పేదవాని కర్తవ్యము మాత్రమే గాక అతని గౌరవము కూడ నని తన గ్రామసంఘములకు బోధించెను. పుచ్చుకొనువాడుగా మాత్రమే లోకము నెఱిగిన మనుష్యుడు ఇచ్చువాడుగా నిలుచుటలో అతని యాత్మగౌరవము మేల్కొనెను.

అక్షరము కూడ వాక్యము వెంటనే వచ్చెను. తమంతట తాము గ్రంథము చదువవలెనను కోరికచే పల్లెబడులు పుట్టెను. వీథిబడి తలుపు మూయబడిన వాడలలో, పగలు పిల్లలకును రాత్రి పెద్దలకును చదువు ప్రారంభమయ్యెను. ఆ ప్రాంతమునకు సమీపముననున్న వినుకొండలో 1895లో ఒక క్రైస్తవ కుటుంబమున మాదిగ తల్లికి జన్మించిన గుఱ్ఱము జాషువ తెలుగు కవులలో అగ్రగణ్యుడయ్యెను. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.

లోపములను దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. వాక్యము ఇంటిలోనికి వచ్చినంత త్వరగా కులము ఇల్లు విడిచి పోలేదు. మాలలకును మాదిగలకును నడుమ దూరము పలు సంఘములలో నిలిచియే యుండెను. అగ్రవర్ణములనుండి వచ్చినవారు వేఱుగా కూర్చున్న చోట్లును కలవు. ఒకే రొట్టె విఱిచి తినవలసినవారు పెండ్లిసంబంధముల దగ్గఱ పాతగీటును దాటలేకపోయిరి. బయటి లోకము కూడ మతము మారినవానిని కులమునుండి విడుదల చేయలేదు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకు పరిమితము చేసెను. అవి 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపబడినను క్రైస్తవులకు విస్తరింపబడలేదు. విశ్వాసమునకు మూల్యము చెల్లించుట 1867తో ముగియలేదని దీనివలన తెలియుచున్నది.

ఇన్ని లోపములు చెప్పిన పిమ్మటను ఆ తొలితరమువారి ఘనత తగ్గదు. వారు వేదాంతచర్చలు చేయలేదు. తమకు వినబడిన కొలది వాక్యమును ఆదివారపు పొలములోను, కరవునాటి కుండలోను, జాతరనాటి డప్పు దగ్గఱను ఆచరించి చూపిరి. గ్రంథాలయములు పల్లెలలో వెలసి, గ్రంథములు చేతికందిన యీ కాలమున, ఏ మతగ్రంథమునకైనను, ఏ నీతిగ్రంథమునకైనను పాఠకుని యింట రెండవ ముద్రణము జరుగవలసియున్నది. అది కాగితముపై గాక అతని నడతయందు జరుగును. గుండ్లకమ్మ సీమలో అక్షరమెఱుగని జనులు ఆ ముద్రణమును చేసి చూపిరి. చదువ నేర్చినవారికి వారు విడిచిపోయిన పాఠ మిదియే.